పల్లెలలో వార్ధక్యము, పట్టణములలో ఆశ్రమములు



అక్టోబరు 1వ తేదీని వృద్ధుల దినముగా పాటింపవలెనని ఐక్యరాజ్యసమితి 1990లో తీర్మానించినది మొదలు, ఏటేట ఆ దినమున మన పట్టణములందు సభలు జరుగుచున్నవి. పెద్దలను వేదికపై కూర్చుండబెట్టి, శాలువ కప్పి, పాదములకు నమస్కరించి, వారి ఆశీస్సులు గైకొనుచున్నాము. ఇది చక్కని ఆచారము, జరుగవలసినదే. అయితే ఆ సభలకు రాలేని వృద్ధులను గూర్చి, అనగా బస్సెక్కి జిల్లా కేంద్రమునకు వచ్చు శక్తియు, చేయి పట్టుకొని తీసికొని వచ్చు మనిషియు లేక ఊరి అరుగుమీదనే ఉండిపోయిన వారిని గూర్చి, ఈ పూట మీతో కొంతసేపు మాటలాడవలెనని నా కోరిక. నేనడుగదలచిన ప్రశ్న చిన్నది. మన తెలుగునాట వృద్ధాశ్రమములు ఎచ్చట నున్నవి? ఆశ్రయము లేని వృద్ధులు ఎచ్చట నున్నారు? ఈ రెండింటిని ఒకే పటముమీద గుర్తించి చూచినచో, రెండు గుర్తులును ఒకచోట పడుట అరుదు.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో 60 ఏండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. వారిలో 7 కోట్ల 30 లక్షల వరకు, అనగా నూటికి 71 మంది, పల్లెలలోనే యున్నారు. ఈ వార్ధక్యము దేశమంతటను ఒక్కతీరుగా లేదు. 2021 నాటి ప్రభుత్వపు అంచనాలను బట్టి కేరళలో జనాభాలో 16.5 శాతము వృద్ధులుండగా, బీహారులో 7.7 శాతము మాత్రమే కలరు. ఆంధ్రప్రదేశ్ ఆనాటికే 12.4 శాతమునకు చేరినది. 2031 నాటికి అది 16.4 శాతము కాగలదని అంచనా. పదేండ్లలో మనము కేరళయొక్క 2021 నాటి వయస్సునకు చేరుకొనుచున్నామన్నమాట. జననములు తగ్గుట ఇందుకొక కారణము; జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి కలుగు సంతానము సగటున 1.7గా తేలినది. రెండవ కారణము పల్లెలకు ప్రత్యేకమైనది. ఊరిలో పడుచువారు పనులకై తరలిపోగా, కొత్తగా ఒక్క ముసలివాడు చేరకున్నను, మిగిలినవారిలో ముసలివారి పాలు పెరిగిపోవును. వలస పోవు ప్రాంతములు సాటి ప్రాంతములకంటె ముందుగా వృద్ధములగుట ఇందువలననే.

పూర్వము వృద్ధులను చూచు భారమును ఉమ్మడి కుటుంబము మోసినది. కుటుంబము లేనివారిని ఊరి సత్రములు, దేవాలయములు, అన్నదాతల ఇండ్లు కొంతవరకు ఆదుకొన్నవి. తరువాత సికింద్రాబాదులో క్రైస్తవ సన్న్యాసినులు నడపిన వృద్ధుల గృహము, విశాఖపట్టణమున స్వాతంత్ర్యమునకు పూర్వమే వెలసిన ప్రేమసమాజము వంటివి దిక్కులేనివారికి నీడనిచ్చినవి. వారి సేవకు చేతులెత్తి మ్రొక్కవలెను. అయినను ఒక్క సంగతి గమనింపుడు: అవి రేవు పట్టణమునను, దండు పట్టణమునను పుట్టినవి. దాతలున్న చోటనే ధర్మము నిలువగలదు గనుక అట్లగుట సహజమే. ఆ తరువాత ప్రభుత్వమే ఈ బాధ్యతను చేపట్టినపుడు, దాతలు లేని చోటికిని అది నడచివెళ్లునని మనము ఆశించితిమి. ఆ ఆశ ఎంతమేరకు ఫలించినదో ఇప్పుడు చూతము.

మన రాజ్యాంగములోని 41వ అధికరణము వార్ధక్యమందు ప్రజాసహాయము పొందు హక్కును, రాజ్యముయొక్క ఆర్థికశక్తికి లోబడి, ఆదేశసూత్రముగా పేర్కొన్నది. 1999లో వృద్ధుల జాతీయ విధానము వచ్చినది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును పార్లమెంటు చేసినది; అది 2008లో ఆంధ్రప్రదేశ్‌లో అమలులోనికి రాగా, దానికి నియమావళి 2011లో వెలువడినది. ఆ చట్టములోని 19వ సెక్షను, రాష్ట్రప్రభుత్వములు దశలవారీగా, ముందుగా జిల్లాకొకటి చొప్పున, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను, అందరికి అందుబాటైన చోట్ల నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. ఆ సెక్షను అనుమతి నిచ్చుచున్నదేగాని నిర్బంధింపదు. నెలకొల్పని ప్రభుత్వమును ఏ వృద్ధుడును ఆ సెక్షను బలమున నిలదీయజాలడు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు, మాజీ న్యాయశాఖామంత్రి అశ్వనీకుమార్ వేసిన వ్యాజ్యములో, ఏ జిల్లాలో ఎన్ని ఆశ్రమములున్నవో రాష్ట్రములనుండి లెక్క తెప్పింపుడని కేంద్రమును ఆదేశింపవలసి వచ్చినది. చట్టమైన పదునొకండేండ్లకు, ఆశ్రమములు కట్టుమాట అటుండగా, ఉన్నవి లెక్కించుటకే న్యాయస్థానము పూనుకొనవలసి వచ్చినదనిన, ఆ నడుమ కాలము ఎట్లు గడచినదో శ్రోతలే ఊహింపగలరు.

జిల్లాయను కొలమానముకూడ మారిపోయినది. తెలంగాణములోని పది జిల్లాలు 2016లో ముప్పదియొకటియై, 2019లో ముప్పదిమూడైనవి. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు 2022లో ఇరువదియారైనవి. కలెక్టరు కార్యాలయములును, పోలీసు కార్యాలయములును త్వరగానే వచ్చినవి. జిల్లాకొక ఆశ్రమమనునది చట్టములో వ్రాసియున్నంత మాత్రమున, అవి వచ్చిన వేగముతో అదియును వచ్చునా?

ఇక ఈ విషయమున కీలకమగు చోటికి వత్తును. ఆశ్రమములలో అధికభాగము ప్రభుత్వము స్వయముగా నడపునవి కావు; స్వచ్ఛంద సంస్థలు నడపగా ప్రభుత్వము గ్రాంటునిచ్చునట్టివి. 1992లో మొదలైన కేంద్ర పథకము, పేరు మార్చుకొనుచు, నేటికిని నడచుచున్నది. 25 మంది వృద్ధులకొక గృహము చొప్పున అది సహాయమిచ్చును. గ్రాంటు కావలెనన్న సంస్థ యొకటి ఉండవలెను, అది రిజిస్టరై కొన్నేండ్లు పనిచేసి యుండవలెను, ఆడిటు చేయించిన లెక్కలుండవలెను, దరఖాస్తును నింపగలవారుండవలెను, జిల్లా కార్యాలయమునకును, రాజధానికిని తిరుగగలవారుండవలెను, గ్రాంటు ఆలస్యమైన నెలలలో కిరాణా కొట్టువానికి తన జేబునుండి చెల్లింపగల దాత యుండవలెను. ఇన్నియు గల ఊళ్లు ఏవి? విద్యావంతులు, విశ్రాంతోద్యోగులు, వర్తకులు, ప్రవాసుల కుటుంబములు గల డెల్టా పట్టణములు, హైదరాబాదు పరిసరములు, విశాఖపట్టణము. ఇవి లేని ఊళ్లు ఏవి? వలసపోవు మెట్టప్రాంతములు, మన్యము, సరిహద్దు మండలములు. కాగా, ఏ అధికారియు పక్షపాతము చూపకున్నను, ఏ మంత్రియు అన్యాయము తలపెట్టకున్నను, అడిగినవానికి మాత్రమే ఇచ్చు పద్ధతివలన, అడుగజాలనివాని వంతు ఏటేట అడిగినవానికే చేరుచుండును. ఈ లోపము దేశమంతటను గలదు. తెలుగునాటి సంగతి నాకు తెలిసినది గనుక దానినే చెప్పుచున్నాను.

రుసుము పుచ్చుకొను ఆశ్రమములనుగూర్చి వేరుగా చెప్పనక్కరలేదు; అవి చెల్లింపగలవారున్న చోటనే ఉండును. కృష్ణాతీరమున ఒక పట్టణపు శివారులో నేను చూచిన ఆశ్రమము చక్కగా నున్నది. గేటు లోపల తులసికోట. గదికి రెండు మంచములు. స్నానపుగదిలో పట్టుకొని లేచుటకు గోడకు బిగించిన ఉక్కుకడ్డీలు. నడవలో ఒక పలకమీద ఎవరికి ఏ మాత్ర ఏ వేళ ఇయ్యవలెనో వ్రాసిన పట్టిక. చేరునపుడు కొంత ధరావతు, ఆపైన నెలనెల రుసుము. అచ్చటివారిలో పింఛనుగల ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, అమెరికాలోను ఆస్ట్రేలియాలోను బిడ్డలున్నవారు ఎక్కువ. ఆదివారము ఉదయమున సెల్‌ఫోనులలో మనుమల ముఖములు కనబడు వేళకు వారందరు తలదువ్వుకొని సిద్ధముగా నుందురు. వారికి దుఃఖము లేదని నేననను. ఒంటరితనము ఎంత కలిమిలోనైనను ఒంటరితనమే. కాని వారికి వేళకు అన్నమున్నది, రాత్రి పిలిచిన పలుకు మనిషి యున్నది, జబ్బు చేసిన ఆసుపత్రి దగ్గరనున్నది.

ఇక కర్నూలు జిల్లా పశ్చిమభాగమునకు వత్తము: కోసిగి, కౌతాళము, మంత్రాలయము, ఆదోని ప్రాంతములు. వానలు తప్పిన ఏడు గాని, తప్పని ఏడు గాని, పైరుపని ముగియగానే అచ్చటి కుటుంబములు గుంటూరు వైపు మిరపకోతలకును, తెలంగాణము వైపు పత్తితీతలకును మూటాముల్లె కట్టుకొని బయలుదేరును. దీనిని వారు సుగ్గికి పోవుట యందురు. ఆ నెలలలో అచ్చటి యొక ఊరిలో నడచినచో, వీధి పొడుగున తలుపులకు తాళములు, కొన్ని ఇండ్లకు తాళముపైన పశువులు చొరకుండ అడ్డముగా వేసిన కంప. తెరచియున్న ఇండ్లలో ముసలివారు, వారి ప్రక్క బడియీడు పిల్లలు. ఒక అవ్వ మూడురాళ్ల పొయ్యిమీద జొన్నరొట్టె తట్టుచుండెను. చూపు మందగించుటచే రొట్టె కాలినదో లేదో వాసనచేతను, వ్రేలి కొసచేతను కనుగొనుచుండెను. పలుకరింపగా ఆమె చెప్పినది: “అంతా సుగ్గికి పోయినారు సామీ. పిల్లోళ్లను నాకిడిసిపోయినారు. నేను పండుకుంటే ఈళ్లకు రొట్టె చేసేదెవరు?” ఆ వ్రేళ్లే అరిగిపోయి రేషను దుకాణములో యంత్రము ఆమె ముద్రను గుర్తింపక, పలుమారులు తిప్పి పంపుట కలదట. పింఛను వచ్చుచున్నది, 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకు 4,000 రూపాయలైనది, ఇది నిజముగా గొప్ప మేలు, దీనివలన ఎందరో ముసలివారికి ఇంటిలో మాట దక్కినది. అయితే ఆ అవ్వ రాత్రివేళ కాలుజారి పడినచో, ఆ 4,000 రూపాయలు ఆమెను లేవనెత్తలేవు.

ఈ దృశ్యము నేను విస్తరించి చెప్పుటకు కారణము కలదు. ఇటువంటి అవ్వను గూర్చి మన 2007 నాటి పోషణ చట్టము ఊహింపలేదు. చట్టము దృష్టిలో, వృద్ధులను చూడని కొడుకు కఠినుడు. ట్రిబ్యునలు వానిచేత నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పింపగలదు. ఆస్తి వ్రాయించుకొని వెళ్లగొట్టిన కొడుకు విషయమున ఇది సరియైన మందే. మిరపకాయలు కోయుటకు పోయిన కొడుకు కఠినుడు కాడు, పేదవాడు. వానిని ట్రిబ్యునలుకు పిలిపించి ఏమి రాబట్టుదురు? తల్లిని విడిచిపోక తప్పదు, పోయి సంపాదింపక తప్పదు. “ముసలామెను ఆశ్రమంలో పడేసి పోయినాడు” అను నింద నగరవాసికి తగిలినంతగా వీనికిని తగులును. పడవేయుటకైనను వీని దాపున ఆశ్రమము లేదు.

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కథ వేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో, కారణము నేటికిని పూర్తిగా తేలని మూత్రపిండవ్యాధి, నడివయస్సులోని రైతులను, కూలీలను పట్టి పీడించుచున్నది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రముతో గూడిన ఆసుపత్రి ప్రారంభమైనది. డయాలిసిస్ కేంద్రములు ఏర్పడినవి. ఇవి లేని రోజులలో విశాఖపట్టణము పరుగులెత్తినవారికి వీని విలువ తెలియును. అయితే కొడుకును డయాలిసిస్‌కు తీసికొనిపోవలసిన తండ్రిని, కొడుకు పోయిన పిదప కోడలితో పాటు మిగిలిన అత్తను చూచువారెవరు? వ్యాధి లేని ఇండ్లలోని పడుచువారు గుజరాతులోని వేరావలు రేవునకు చేపలవేటకు, హైదరాబాదుకు, చెన్నపట్టణమునకు పనులకు పోయినారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటలను, కొబ్బరితోటలను నేలగూల్చినది. ముదిమికి ఆధారమని నాటుకొన్న చెట్లు అవి. డెబ్బదియేండ్లవానిచేత మరల కొబ్బరిమొక్క నాటించి, కాపు వచ్చువరకు ఆగుమనగలమా?

తెలంగాణములో హైదరాబాదు చుట్టును గల గ్రామములలో ఆశ్రమముల బోర్డులు రోడ్డు పొడవునను కనబడును. నారాయణపేట, గద్వాల వైపునకును, ఆదిలాబాదు గిరిజన గూడెములకును పోయినచో అవి పలుచబడును. నారాయణపేట, గద్వాలలు గల పాలమూరు ప్రాంతపు కూలీలు దేశమందెన్ని ఆనకట్టలు, ఎన్ని రహదారులు కట్టిరో చెప్పనలవికాదు. వారి తల్లిదండ్రులకు నీడనిచ్చు కట్టడము మాత్రము వారి ప్రాంతములో అరుదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములలో కొడుకులు గల్ఫు దేశములలో నుందురు. ఇల్లు కట్టుదురు, డబ్బు పంపుదురు, సెలవు దొరకినపుడు మాత్రమే వత్తురు. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురము మన్యము జిల్లాల కొండగూడెములలో జబ్బుపడిన ముసలివారిని నేటికిని డోలిలో మోసి రోడ్డుకు దింపుచున్నారు. ఈ ప్రాంతముల కష్టములు వేర్వేరు. ఒక్క తీరు ఆశ్రమము వీనికన్నింటికి సరిపడదు.

అందుచేత నా మొదటి మనవి ఏమనగా, జిల్లాను విడిచి మండలమును లెక్కలోనికి తీసికొనవలెను. ఇచ్ఛాపురమునుండి శ్రీకాకుళమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. జిల్లా కేంద్రములో 150 మంచముల భవంతి కట్టినను ఇచ్ఛాపురపు ముసలమ్మ అచ్చటికి పోదు. ఆమె మొండిది కాదు. పోయినచో తన ఇల్లు పాడుపడును. వాకిట పలుకరించు తోడికోడలు ఉండదు. తన తిండి దొరకదు. పొలిమేర అమ్మవారి జాతర కనబడదు. “నా ఊళ్లోనే పోతాను” అను కోరిక ఒక్కటి మిగిలియుండగా దానినికూడ వదలుకొనవలసి వచ్చును. జొన్నరొట్టె, రాగిసంగటి తిని పెరిగిన శరీరమునకు అరువదేండ్ల పిదప అన్నము, సాంబారు అలవాటు చేయుట చిన్నవిషయమని పర్యవేక్షకులకు తోచవచ్చును గాని, తినువారికి అది దినమునకు రెండుసార్లు కలుగు పరాయితనము. నడచిపోయి ఇల్లు చూచుకొని రాగల దూరములో, ఇరువదియైదు మందికి మించని చిన్న గృహము ఉండినచో, అట్టి ముసలమ్మ పగలు వచ్చి, రాత్రి పోయి, కొన్నాళ్లకు తానే ఒక మూల చాప పరచుకొనును.

కట్టడములకు కొరతయు లేదు. పిల్లలు తగ్గిపోయి మూతపడిన ప్రభుత్వ పాఠశాలల గదులు ఎన్ని గ్రామములలోనో తాళము వేసియున్నవి. వంట సంగతియు చూతము. తమిళనాడులో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము 1982లో బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమును విస్తరించి, 1983లో వృద్ధాప్యపు పింఛనుదారులకు కూడ ఆ వంటశాలలనుండియే ఒకపూట భోజనము పెట్టించినది. బడి నడచుచున్న చాల ఊళ్లలో పిల్లలకు వంట జరుగుచునే యున్నది. పొయ్యి వెలుగుచునే యున్నది. ఆ పొయ్యిమీద మరి ముప్పదిమందికి అన్నము ఉడుకుటకు కావలసినది ఒక ఉత్తరువు, కొంత బియ్యము, వంటమనిషికి న్యాయమగు జీతము.

మంచము పట్టినవారి స్థితి ఇంతకంటె దుర్భరము. మన ఆశ్రమములలో చాలవరకు, తన పనులు తాను చేసికొనగలవారిని మాత్రమే చేర్చుకొందురు. మలమూత్రములకు లేవలేనివారిని, మతి తప్పినవారిని చేర్చుకొను చోట్లు నగరములలోనే అరుదు, పల్లెలలో లేవనియే చెప్పవలెను. దేశవ్యాప్తముగా 2017-18లో జరిగిన వార్ధక్య అధ్యయనములో 60 ఏండ్లు దాటినవారిలో పెక్కుమందికి ఏదో యొక దీర్ఘవ్యాధి యున్నట్లు తేలినది. వీరందరికి మంచములు వేయుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు, అక్కరయు లేదు. కేరళ ఇందుకు మార్గము చూపినది. 1993లో కోళిక్కోడులో కొందరు వైద్యులు ఆరంభించిన ఉపశమనచికిత్సా సంఘము, మలప్పురము మొదలగు జిల్లాలలో ఊరివారి ఉద్యమముగా మారినది. ఇరుగుపొరుగు వారే శిక్షణపొంది, మంచము పట్టినవారి ఇంటికి నర్సుతో కలిసి పోయి, పుండ్లు కడిగి, పక్క మార్చి, వారి ఇంటివారికిని ఆ పని నేర్పిరి. 2008లో ఆ రాష్ట్రము దీనిని ప్రభుత్వ విధానముగా ప్రకటింపగా, పంచాయతీలు నిధులు కేటాయించి గృహసేవకు నర్సులను నియమించినవి. అది ధనమున్న జిల్లాలకే పరిమితము కాలేదు. పంచాయతీ యున్న ప్రతి చోటికి పోయినది. తెలంగాణములో చేవెళ్లలో ఆరంభమై తక్కిన జిల్లాలకు విస్తరించిన ఉపశమనచికిత్సా కేంద్రములు, వాని వాహనములు, మనకును ఇది శక్యమేనని తెలుపుచున్నవి. ఇవి మండలమునకు దిగి రావలెను.

పల్లెలలో ఇట్టి గృహములు పెట్టినచో పిల్లలు తల్లిదండ్రులను గాలికి వదలుదురని కొందరు పెద్దలు శంకింతురు. వారి భయము నేను తేలికగా చూడను. కుటుంబమునందలి మమతకు ప్రభుత్వ గృహమెన్నటికిని సాటి రాదు. కాని నా యెరుకలో, అలసిపోయిన చేతులే ముసలివారిపై విసుగుకొన్నవి. పగటిపూట ఒక చోట అన్నము, మాత్ర, నలుగురితో మాట దొరకినచో, సాయంకాలము ఇంటికి వచ్చిన అత్తను కోడలు ఇంకొంత ఓపికతో చూడగలదు. గృహములు పెట్టకపోయినంత మాత్రమున సుగ్గి ఆగదు.

ప్రభుత్వమునకు నేను విన్నవించునది స్పష్టము. దరఖాస్తు వచ్చిన చోట గ్రాంటు నిచ్చుట చాలదు. ప్రతి మండలములో ఒంటరి వృద్ధులు ఎందరు, నడువలేనివారెందరు, వారికి చేరువలో నేమున్నది అను పట్టికను ఏటేట ప్రకటించి, ఏమియు లేని మండలములకు మొదటి నిధులు కేటాయింపవలెను. దరఖాస్తు వేయగల సంస్థ లేనిచో మండల మహిళా సమాఖ్యకు, పంచాయతీకి ఆ పని అప్పగింపవలెను. జిల్లాకొక ఆశ్రమమను చట్టపు మాటనైనను ముందుగా నిర్బంధముగా మార్చవలెను.

దేశాంతరములనుండి ఈ ప్రసంగము వినుచున్న తెలుగువారు ఉండవచ్చును. మీలో ఎందరో పుట్టిన ఊరికి గుడియో, కల్యాణమండపమో, స్వాగతద్వారమో కట్టించినారు. పుట్టిన ఊరిమీది మమకారము పవిత్రమైనది. అయితే మీ ఊరు చాలవరకు బాగుపడిన ఊరే. అందుచేతనే మీరు అంతదూరము పోగలిగితిరి. ఎవరును విదేశమునకు పోలేని ఊరు ఒకటి మీ రాష్ట్రములోనే కలదు. అచ్చటి ముసలివారికి మీ పేరు తెలియదు, మీ ఇంటిపేరు తెలియదు. ఈసారి మీ దానము అచ్చటికి పంపుడు.

పల్లెలలో నున్న శ్రోతలకు ఒక మాట. దిక్కులేని వృద్ధులు మీ వీధిలో నున్నచో 14567 అను నంబరుకు ఫోను చేయవచ్చును. దానికి రుసుము లేదు. హైదరాబాదులో మొదలై నేడు దేశమంతట పనిచేయుచున్న వృద్ధుల సహాయవాణి అది. రాబోవు గ్రామసభలో రోడ్డు, నీరు, దీపము అడిగిన పిదప, మా మండలములో వృద్ధులకు గృహమేదియని గూడ అడుగుడు. అడిగినమాటను తీర్మానపు పుస్తకములో వ్రాయించి, సంతకములు చేయించి, ఒక ప్రతిని మండల పరిషత్ అభివృద్ధి అధికారికి పంపుడు.